కొండ లాగిన గోడ

హజరత్ వలి కట్టిన గోడ నెత్తిన ఒక నీటిచుక్క వేస్తే, ఎటు జారాలో తెలియక అక్కడే ఆరిపోతుందని నేను గార్లదిన్నెలో చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు. ఒకాయన చెంబుతో నీళ్ళు తెచ్చి చూశాడు కూడా. ఆ రోజు ఎండ నా పక్షాన ఉంది.

వలి బేల్దారి పని చేస్తాడు. డెబ్బై ఏళ్ళు. పన్నెండో ఏట వాళ్ళ నాయన వెంట తాపీ పట్టుకుని గోడలెక్కాడు. నాయన పోయాక అతనికి మిగిలిన ఆస్తి ఒక ఇత్తడి తూకం గుండు. గోడ నిలువుగా లేస్తున్నదో లేదో చూడటానికి తాడుకి వేలాడదీసే గుండు అది. తాడు పైకొసన ఒక చెక్క బిళ్ళ ఉంటుంది. బిళ్ళ అంచుని గోడ పైవరసకి ఆనించి గుండుని కిందికి వదిలితే, అది గోడని అంటీ అంటనట్టు నిలవాలి. గాలి వీస్తే వలి పని ఆపేస్తాడు. గుండు ఊగడం మానేదాకా బీడీ కూడా ముట్టించడు. నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన కూర్చున్నట్టు దాని పక్కన కూర్చుంటాడు.

పోయిన ఎండాకాలం మా ఇనుప సామాన్ల అంగడి వెనక గోడౌనుకి పన్నెండడుగుల గోడ కట్టాడు. రోజుకి మూడడుగులు. ఏ రోజు కట్టింది ఆ రోజు గుండు వేసి సరిచూసుకున్నాడు. నాలుగో రోజు సాయంత్రం ఆఖరి వరస పెట్టి, పైనుంచి నేలదాకా గుండు వదిలాడు. గుండుకీ గోడకీ మధ్య చిటికెనవేలు దూరింది. మళ్ళీ వదిలాడు. మూడోసారి నన్ను వదలమన్నాడు. అదే సందు.

వలి తాడు చుట్టి, గుండుని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ దగ్గరే పెట్టుకో శెట్టీ."

"ఎందుకప్పా?"

"నా చెయ్యి పోయినాది. చెయ్యి పోయినోడికి గుండెందుకు? గోడ పడగొట్టించి ఇంకెవురినైనా పిలుచుకో."

యాభై ఏళ్ళుగా ఎరిగిన మనిషి. పని మానేసి ఇంటరుగు మీద కూర్చుంటే ఏమైపోతాడో నాకు తెలుసు. నోటికి అబద్ధం వచ్చేసింది. పూర్తి అబద్ధం కూడా కాదు. చిన్నప్పుడు కాన్వెంటులో మాకు సైన్సు చెప్పిన సిస్టరు, పెద్ద కొండ పక్కన గుండు వేలాడదీస్తే కొండ దాన్ని తనవైపు లాగుతుందని చెప్పింది. దొరలు కొలిచి చూసిన సంగతి. దానికి నేను కాస్త మసాలా దట్టించాను.

"నీ చెయ్యి కాదు వలీ. ఎదురుగా ఉండే కొండ లాగింది."

"మూడు దినాలు ఊరికే ఉండి నాలుగో దినం లాగిందా?"

"అది కూడా ముసిల్దైంది గదప్పా. ఎవురన్నా పక్కన కూచుంటే బాగుండునని లాగుతాంది."

వలి నవ్వలేదు. "ఆరీఫాని అడుగుతా," అని వెళ్ళిపోయాడు.

నేను భయపడిందీ అందుకే. ఆరీఫా అతని మనవరాలు. రోజూ బస్సులో అనంతపురం పోయి ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతుంది. ఆదివారం నాడు తాతా మనవరాలూ అంగడికి వచ్చారు. ఆమె చేతిలో నోటుపుస్తకం ఉంది. మేకుల డబ్బా వెనకనుంచి నేను కన్ను కొట్టాను. నన్ను తాతా అని, వలిని దాదా అని పిలుస్తూ నా కథలు వింటూ పెరిగిన పిల్ల, అయినా చూడనట్టే ఊరుకుంది.

"ముందు ఒక సంగతి తాతా. లాగడమనేదే లేదంటారు ఇప్పుడు."

"లాగకపోతే గుండు కిందికెందుకు పోతాది?" అన్నాను.

"భూమి చుట్టూ ఉండే జాగా, కాలం రెండూ వంగి ఉంటాయి. ఆ వంపులో గుండు తన దారిన తాను పోతాంది. దాన్ని పోనీకుండా ఆపేది తాడు."

వలి ఆలోచించాడు. "అంటే గుండు తప్పేం లేదు. తాడే అడ్డం."

"అంతే దాదా. ఇది నూరేళ్ళ నాటి మాట."

"మా సిస్టరు లాగుతాదనే చెప్పింది. దానికి మార్కులు కూడా వేసింది," అన్నాను.

"ఆ లెక్కతో ఇప్పటికీ రాకెట్లు పోతాండాయి. మీ మార్కులు యాడికీ పోవులే తాతా." ఆమె పేజీ తిప్పింది. "కొత్తగా కొందరు ఇంకో మాట అంటాండారు. భూమ్యాకర్షణ అనేది మొదటినుంచీ ఉండేది కాదంట. మనకి తెలియని చిన్న చిన్నవేవో లెక్కలేనన్ని కలిసినప్పుడు పైకి అట్ల కనపడతాదంట."

"రుజువుండాదా?" అన్నాను.

"ఇంకా లేదు. మా సార్లే రెండు జట్లై కొట్లాడతాండారు."

"రుజువు లేకుండా చెప్పొచ్చంటే నేనూ సైంటిస్టునే గదమ్మా."

"ఉండు శెట్టీ," అన్నాడు వలి. గుమ్మం పక్కన పడి ఉన్న ఇటుకని తీసుకున్నాడు. "దీంట్లో గోడ ఉండాదా? లేదు. పక్కన ఇంకోటి పెడితే? అప్పుడూ లేదు. వరసలు లేచినంక ఉండాది. యాడినుంచి వచ్చినాది మరి?"

ఆరీఫా పెన్ను తీసి రాసుకుంది.

"ఏం రాస్తాండావు?" అని అడిగాను.

"సెమినార్లో చెప్పేకి. మా దాదా చెప్పినాడనే చెప్తా."

వలి ముఖంలో వెలుగు వచ్చింది. అంతలోనే పోయింది. "అది సరే. కొండ సంగతి చెప్పు."

ఆరీఫా నావైపు చూసింది. నేను మేకులు ఏరుతున్నాను.

"లాగుతాది దాదా," అంది. నాకు ఊపిరి వచ్చింది. "కానీ నేను లెక్క కట్టినా. తలవెంట్రుకని యాభై పాయలు చీలిస్తే, అందులో ఒక పాయంత. చిటికెనవేలంత కాదు."

వలి తన కుడిచేతిని మోకాలి మీద పెట్టుకుని జ్వరమొచ్చిన బిడ్డని చూసినట్టు చూసుకున్నాడు.

"శెట్టి మంచోడే," అన్నాడు చివరికి. "అబద్ధంలో ఒక పాయంత నిజం పెట్టినాడు."

ఆరీఫా బల్ల మీద ఉన్న గుండుని తీసుకుంది. దిగులేస్తే ఏదో ఒకటి చేతిలో తిప్పే అలవాటు ఆ పిల్లకి. తాడు విప్పింది, చుట్టింది, బిళ్ళ అంచుని వేలితో తడిమింది.

"దాదా, ఈ పక్క ఇంత నున్నగా ఉండాదేం?"

"గోడకి ఆనిచ్చే పక్క అది."

"గుండు, బిళ్ళ ఒకే వెడల్పు ఉండాల గదా?"

"ఉండాల. మా నాయన చేయించినాడు."

ఆమె గుండుని బల్ల మీద పడుకోబెట్టింది. పక్కనే బిళ్ళని అంచు మీద నిలబెట్టింది. రెండిటి మీదా నా స్కేలు పెట్టింది. స్కేలు బిళ్ళవైపుకి వాలింది.

వలి వంగి చూశాడు. అతనికి పుస్తకం అక్కరలేకపోయింది. "బిళ్ళ అరిగినంతా గోడ ముందుకొచ్చినాది. మొదటి దినం ఇంత బయటికి. రెండో దినం దాని మీద ఇంకింత," అంటూ నాలుగు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాడు. ఆఖరికి చిటికెనవేలు దగ్గర ఆగాడు.

"ఏ గోడ దగ్గర అరిగినాదంటావు?"

"చెప్పలేము దాదా. ఒక్కోటి వెంట్రుకంత కూడా తిని ఉండదు. అన్నీ కలిసినంకనే కనపడింది."

వలి కుడిచేతిని మూసి తెరిచాడు. మళ్ళీ మూసి తెరిచాడు. ఆరీఫా ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంటే, వదిలించుకోలేదు.

ఇనుప బిళ్ళ ఇస్తాను, ఎన్నేళ్ళైనా అరగదన్నాను.

"వద్దు శెట్టీ. చెక్కదే కావాల. నాతో పాటు అరిగేది."

గోడ అట్లే ఉంచుదాం, అడిగినవాళ్ళకి కొండ లాగిందని చెప్పుకుంటానని కూడా అన్నాను. అతను కొత్త బిళ్ళ చేయించుకుని, మొదట అంతకుముందు ఏడాదిలో కట్టిన గోడలన్నిటి దగ్గరికీ పోయి గుండు వేసి చూసుకుని వచ్చాడు. అవన్నీ పొట్టి గోడలు, తేడా పెద్దగా లేదట. ఆ తర్వాత మా గోడని పునాది దాకా దించేసి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

ఆఖరి రోజు ఆరీఫా కాలేజీ మానేసింది. వలి సారువ కర్రల మీద నిలబడి బిళ్ళని పైవరసకి ఆనించి గుండు వదిలాడు. కింద ఆరీఫా గొంతుకూర్చుని, ఊగుతున్న గుండుని రెండు వేళ్ళతో నెమ్మదింపజేసి చెయ్యి తీసేసింది. వలి తల తిప్పి కొండకేసి చూశాడు.

"నువ్వు లాగేది ఒక పాయేనంట," అన్నాడు దానితో. "ఒక్క నిమిషం అది కూడా మానుకోప్పా."

గుండు గోడని అంటీ అంటనట్టు నిలిచింది.