పెళ్ళిపీట మీద ఇంజన్

అమెరికాలోని రెడ్‌మండ్‌లో దామోదర్ అనే ఆయన పికప్ ట్రక్కు ఇంజన్‌ని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఒంటి చేత్తో పట్టుకుని పడుకున్నాడు. సరే, చీకటి పడేదాకా అన్నది కాస్త ఎక్కువే. పట్టుకున్నది కూడా ఆయన కాదు, ఇంజనే ఆయన చేతిని పట్టుకుంది. పడుకున్నాడన్న మాట మాత్రం నిజం.

దామోదర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. పక్కవాళ్ళ తప్పులు పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఆదివారాలు ఇంటిముందు డ్రైవ్‌వేలో పాత ట్రక్కు కింద దూరడం ఆయన సరదా. ఆ వారం ఇంజన్ మౌంట్ చిరిగింది. ఇంజన్‌ని అదరకుండా ఫ్రేముకు పట్టి ఉంచే రబ్బరు దిమ్మ అది. దాన్ని మార్చాలంటే ఇంజన్‌ని కాస్త పైకెత్తి, ఎత్తినచోటే నిలపాలి.

ఎదురింటి కుర్ర ఇంజినీరు నీరజ్ చెప్పనే చెప్పాడు.

"అంకుల్, జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. పైన అడ్డంగా సపోర్ట్ బార్ వేసి, చెయిన్‌తో ఇంజన్‌ని పట్టించాలి. పార్ట్స్ షాప్‌లో ఇస్తారు, నేను డ్రైవ్ చేస్తా రండి."

"ఒక్క మౌంట్‌కి అంత సీనెందుకయ్యా? లంచ్ లోపు అయిపోతుంది."

ట్రక్కును స్టాండ్ల మీద నిలిపాడు, వెనక చక్రాలకు అడ్డు పెట్టాడు. అక్కడిదాకా వంక పెట్టడానికి లేదు. జాకీకీ, ఇంజన్ అడుగున నూనె ఉండే ఆయిల్ పాన్ అనే రేకు తొట్టికీ మధ్య, రేకు నొక్కుకుపోకుండా, చెక్క ఉండాలనీ తెలుసు. ఇల్లంతా వెతికితే రంపప్పొట్టు అతికించి చేసిన ఫర్నిచరే తప్ప గట్టి చెక్క లేదు. చివరికి పూజగదిలోంచి పెళ్ళిపీట పట్టుకొచ్చాడు.

"అదెక్కడికండీ?" అంది భార్య విద్య.

"ఇంజన్ కిందకి. పెళ్ళిలో నన్ను మోసింది, దీన్ని మొయ్యదా?"

"అప్పుడు మీరు ఇంజనంత లేరు."

ఆ పీటకు రెండు చివర్లా పొట్టి కాళ్ళు. జాకీ తల ఆనింది నడిమధ్యన. పాత పనసచెక్క హీటర్ గాలికి ఏళ్ళ తరబడి ఎండి, నిలువునా సన్నగా నెర్రె విచ్చి ఉంది. ఆయన చూడలేదు.

పాత మౌంట్ ఊడదీసి, కొత్తదాన్ని దూర్చడానికి గ్లవ్ తొడిగిన కుడిచెయ్యి ఇంజన్‌కీ ఫ్రేముకీ మధ్య పెట్టాడు. పీట రెండుగా చీలింది. ఇంజన్ ఒక్కసారిగా దిగింది.

చప్పుడు విని బయటికొచ్చిన విద్యకు ట్రక్కు కింద తన్నుకుంటున్న రెండు కాళ్ళు కనిపించాయి.

"చెయ్యి... విద్యా, చెయ్యి."

ఆమె జాకీ పిడి అందుకుంది. చీలిన పీట మధ్యనుంచి జాకీ తల నేరుగా రేకు తొట్టికి తగిలింది.

"ఆగు! అలా ఎత్తితే పాన్ పోతుంది!"

"పోనీండి!"

ఒంట్లో బలమంతా పెట్టి పిడిని కిందికీ పైకీ కొట్టింది. రేకు నొక్కుకుపోయి పగిలింది. నల్లటి నూనె ఆయన మొహం మీద, నోట్లో పడింది. ఇంజన్ కొద్దిగా లేచింది. చెయ్యి బయటికొచ్చింది. గ్లవ్ విప్పితే రెండు వేళ్ళు మాత్రం అందులోనే ఉండిపోయాయి. డాక్టర్లు వాటిని అతికించలేకపోయారు.

ఆఫీసులో ఇప్పుడు ఎడమచేత్తో టైప్ చేస్తున్నాడు, మెల్లగా. వంటింట్లో విద్య అన్నం కలిపి చెంచా వేసి ఇస్తుంది.

మొన్న ఒక గృహప్రవేశంలో ఎవరో పాపమని ఆ ట్రక్కు సంగతీ పీట సంగతీ అడిగితే, ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ట్రక్కేంటండీ? నాకు ట్రక్కే లేదు. చెయ్యి గ్యారేజ్ డోర్‌లో పడి నలిగింది. పీటా లేదు, గీటా లేదు. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు."