కుర్చీ కోసం కొన్న చెప్పులు

అంబదాస్ బావ ఇంట్లో టైల్స్ వేయించినప్పుడు గల్లీలో చూడనివాళ్ళు లేరు. మగ్గాల పనికి మేమంతా వలసొచ్చిన ఈ లింబాయత్‌లో మా గల్లీవన్నీ గచ్చు ఇళ్ళు. అందుకని ఒక్కొక్కరినీ పిలిచి, చెప్పులు బయట విప్పించి మరీ చూపించాడు. "ఎట్లుంది మరదలా?" అని నన్నూ అడిగాడు. బాగుందన్నాను. ముసలావిడ జారుతుందేమో బావా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఎందుకులే అని మింగేశాను. అలా మింగినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ముసలావిడంటే బావ వాళ్ళమ్మ గంగవ్వ. డెబ్బై దాటాయి. మోకాళ్ళు అరిగాయి గానీ నోరు అరగలేదు. గుమ్మం దగ్గర చెక్క కుర్చీలో కూర్చుని గల్లీలో పోయేవాళ్ళందరి మంచిచెడ్డలు కనుక్కోవడం ఆమె ఉద్యోగం. ఒక పొద్దున లేవబోతూ కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి ఒత్తింది. టైల్స్ మీద కుర్చీ సర్రున వెనక్కి పోయింది, ఆమె కింద పడింది. ఎముక విరగలేదు. "ఇంకోసారి పడితే ఇక మంచమే" అన్నాడు డాక్టరు.

ఆ మాటతో ఆమెకు భయం పట్టుకుంది. బాత్రూంకు పోవాలన్నా కోడలు వచ్చి, కుర్చీని కాలితో అదిమిపట్టి చెయ్యందించాల్సిందే. ఆ కోడలే మా భూదేవక్క. నేనూ ఆమే వాళ్ళ ముందు గదిలో కూర్చుని చీరల అంచులకు రాళ్ళు అతికిస్తాం. చీరకు గమ్ము పెట్టాక మధ్యలో లేస్తే అది ఎండిపోతుంది, రాయి నిలవదు. గంగవ్వ ఇది కనిపెట్టింది. కోడల్ని పిలవడం తగ్గించింది. ఎట్లా తగ్గించిందో మాకు మూడో రోజుకు గానీ తెలియలేదు. పొద్దున ఆమె పక్కన పెట్టిన చెంబు సాయంత్రానికి కూడా నిండుగానే ఉంది.

"ఏంది అత్తమ్మా, నీళ్ళెందుకు తాగుతలేవ్?"

"తాగితే లేవాలె గద బిడ్డా. పని ఇడిసి నువ్వెన్నిసార్లు వస్తవ్?"

భూదేవక్క వంటింట్లోకి పోయి ఏడ్చింది. నేను విన్నాను.

కుర్చీని గోడకు ఆనిస్తే సరిపోతుందని సలహా ఇచ్చింది నేనే. గోడ దగ్గర్నుంచి గల్లీ కనబడదు. "గోడకు కర్సుకోని ఉండుటానికి నేనేమన్న బల్లినా?" అని గంగవ్వ నా మీదికి లేచింది. ఇక అంబదాస్ బావ రంగంలోకి దిగాడు. ఆయన మరమగ్గాల మిస్త్రీ. అంత లావు మగ్గాలనే కదలకుండా నిలబెట్టేవాడికి కుర్చీ ఒక లెక్కా? కార్ఖానా నుంచి పాత రబ్బరు పట్టా తెచ్చి, ముక్కలు కోసి, నాలుగు కాళ్ళకూ మేకులు కొట్టాడు. అది ఏళ్ళ తరబడి మగ్గం నూనె తాగిన రబ్బరు. అంతకుముందు జారిన కుర్చీ ఇప్పుడు పరుగే పెట్టింది. పైగా తెల్ల టైల్స్ నిండా నల్ల చారలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, రబ్బరు మంచిదే, టైల్సే ఖరాబన్నాడు బావ. గల్లీనంతా పిలిచి చూపించింది ఆ టైల్సే కదా!

మర్నాడు భూదేవక్క బజారు నుంచి కొత్త హవాయి చెప్పుల జత తెచ్చింది. తనకేమో అనుకున్నాను. కత్తి పెట్టి వాటిలోంచి నాలుగు బిళ్ళలు కోసేసింది. మేకులు పీకింది, కుర్చీ కాళ్ళకంటిన నూనెను సబ్బుతో కడిగి ఎండబెట్టింది, గరుకు కాగితంతో రుద్దింది. నూనె చెయ్యి తగిలిన చీర మీద రాయి ఎన్నడూ నిలవదని మా ఇద్దరికీ తెలుసు. తెలిసిన దాన్ని కుర్చీ దాకా తీసుకుపోవాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు, ఆమెకే వచ్చింది. చెప్పులు కుట్టేవాడి దగ్గర తెచ్చిన గమ్మును ఇటు కాళ్ళకూ అటు బిళ్ళలకూ పూసి, వేలికి అంటనంత ఆరేదాకా కూర్చుంది.

సరిగ్గా అప్పుడే బావ డ్యూటీ నుంచి వచ్చాడు.

"మా అమ్మ కూసునే కుర్సీకి చెప్పులా? నలుగురు సూస్తే ఇజ్జత్ ఉంటదా?"

"కొత్తయి తెచ్చిన. ఎవ్వల కాలు తగలలే," అంది భూదేవక్క తలెత్తకుండా.

"కొత్తయైతే చెప్పులు గావా?"

నాకు ఒళ్ళు మండింది. నేను అందుకునేలోపు మంచం మీద నుంచి గంగవ్వ అరిచింది. "నేను కింద వడ్డనాడు నీ ఇజ్జత్ యాడికి వొయింది రా? పిల్లను పని చేసుకోనియ్యి!"

బావ కాసేపటికి చేతులు కడుక్కొచ్చి, భూదేవక్క బిళ్ళలు ఒత్తుతుంటే కుర్చీని తిరగేసి పట్టుకున్నాడు. కుర్చీ మీద బియ్యం బస్తా పెట్టి ఒక రోజంతా కదపనివ్వలేదు ఆమె.

ఆ తర్వాత కుర్చీ కదల్లేదు. ఎనిమిది రోజులకు మళ్ళీ కొంచెం జారింది. గంగవ్వ మొహం పాలిపోయింది. భూదేవక్క కుర్చీని తిరగేసి చూస్తే బిళ్ళల కింద దారపు నలక. మా గల్లీ చుట్టూ మగ్గాలే, ఆ నలక అన్నంలో కూడా వస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే బిళ్ళలు మళ్ళీ నేలను పట్టుకున్నాయి. అప్పటినుంచి రోజూ పొద్దున తుడవందే ఆమె గమ్ము డబ్బా తెరవదు. అత్త కాళ్ళకు మొక్కే కోడళ్ళను చూశాను గానీ, అత్త కుర్చీ కాళ్ళు తుడిచే కోడల్ని ఈమెనే చూశాను.

అయినా గంగవ్వ తనంతట తాను లేవలేదు. కుర్చీ చేతుల్ని రెండుసార్లు ఒత్తి చూసుకునేది, మళ్ళీ కోడల్నే పిలిచేది. చెంబులో నీళ్ళు అలాగే ఉండేవి. "లే, ఏం కాదు" అని భూదేవక్క ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. నేనైతే పెట్టేదాన్ని.

మొన్న మాకు పనిచ్చే సేఠ్‌కు చీరలు అప్పజెప్పడానికి ఇద్దరం పోయాం. మూటలు రెండు, ఒకరి వల్ల కాదు. అరగంటలో వస్తామని చెప్పాం గానీ షేర్ ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుని రెండు గంటలైంది. దారి పొడుగునా భూదేవక్క నా చెయ్యి వదల్లేదు. "పాపం, ఉగ్గబట్టుకోని కూసుంటది" అని ఒకటే మాట.

వచ్చి చూస్తే కుర్చీ ఖాళీ. పెట్టిన చోటే ఉంది, వీసమెత్తు కదల్లేదు. మనిషి లేదు.

"అత్తమ్మా!" అని అరిచింది భూదేవక్క.

బాత్రూంలోంచి నీళ్ళ చప్పుడు, వెనకే గంగవ్వ గొంతు. "ఏందా లొల్లి? లోపలున్న. జర ఆగు, నేనే వస్త."

భూదేవక్క ఆ కుర్చీలోనే కూలబడి ఏడ్చేసింది. గంగవ్వ గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ బయటికి వచ్చింది. నేను చెయ్యి అందించబోతే తోసేసి, కోడలి వంక చూసింది.

"ఎండల వడి వచ్చినవ్. లేవకు బిడ్డా, కూసో. నీళ్ళు నేను తెస్త."