సముద్రంలో కలిసిన మూసీ

మొన్న మేనకోడలి గృహప్రవేశానికి హైదరాబాదు వెళ్లినప్పుడు, ఆటో మూసీ వంతెన ఎక్కగానే పక్కనున్న మేనకోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నన్నూ పెట్టుకోమంది. నేను మాత్రం మెడ బయటికి చాచి, వంతెన దాటేదాకా ఆ నల్లటి నీటినే చూశాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏటేటా సుద్దముక్కతో నేను గీసిన నది అది, కళ్లారా చూడడం ఇదే మొదలు.

గంజాం జిల్లా తెలుగు బళ్ల సంగతి మీలో మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మేముండేది ఒడిశాలో, మా రాజధాని భువనేశ్వర్. పుస్తకాలు వచ్చేది ఆంధ్ర నుంచి, వాటిలో ‘మన రాజధాని’ హైదరాబాదు. మా ఋషికుల్య నది నీళ్లు తాగుతూ మూసీ పాఠం వల్లించేవాళ్లం. బరంపురం నుంచి బస్సులో ఛత్రపూర్ దగ్గరి బడికి వెళ్లి భూగోళం చెప్పే కొత్త టీచర్ని నేను. వయసు తక్కువ, ఎర్ర పెన్సిలు మీద మోజు ఎక్కువ.

ఏడో తరగతిలో ఆర్యపల్లి నుంచి నడిచి వచ్చే జాలరుల పిల్ల ఒకతె ఉండేది. పాసైతే హైస్కూలుకు పంపుతానని, తప్పితే తల్లితో చేపలు ఎండబెట్టడానికి రావాలని తండ్రి ముందే చెప్పాడట. పరీక్షలో ఐదు మార్కులకు మూసీ పటం గీయమన్నాను. ఆ పిల్ల అనంతగిరి కొండల్లో నదిని పుట్టించి, హైదరాబాదు మధ్యగా నడిపించి, అక్కడి నుంచి నేరుగా తీసుకెళ్లి సముద్రంలో కలిపేసింది; అక్కడ ఇసుక మేటా, రెండు పడవలూ కూడా వేసింది. కృష్ణలో కలవాల్సిన నదికి పడవలేమిటని నవ్వుకుని సున్నా చుట్టాను. సరిగ్గా ఆ ఐదు మార్కులకే తప్పింది.

మర్నాడు తండ్రి వచ్చి, పటం చూపించమని అడిగి, చాలాసేపు చూశాడు.

“ఏటంటే టీచరమ్మా, ఈ మూసీ ఆ కృష్ణలో కలిసిందనుకుందుము. ఆ నీరు మరి సముద్రానికి ఎల్తాదా, ఎల్లదా?”

వెళ్తుంది గానీ కృష్ణ పేరుతో వెళ్తుందన్నాను.

“నీరు ఎల్తాది కదా. మరి పిల్ల తప్పేటి?”

పుస్తకంలో అలా లేదన్నాను. అక్కడే ఉన్న హెడ్‌మాస్టరుగారు కూడా, నీ ఇష్టం తల్లీ, మార్కులు దిద్దుతానంటే నాకు అభ్యంతరం లేదన్నారు. పంతానికి పోయాను. ఆ తండ్రి లేచి, సంచిలోంచి మొగలిపువ్వు తీసి నా బల్ల మీద పెట్టాడు.

“పాసు సెయ్యమని కాదమ్మా. ఇన్నాళ్లూ సదువు సెప్పినారు కదా.”

ఆ పువ్వు ఇంటికి తీసుకెళ్లి చీరల మధ్య పెట్టుకున్నాను. తర్వాత ఎన్నోసార్లు ఆ పిల్ల ఎండుచేపల తట్టతో బస్‌స్టాండులో ఎదురయ్యేది. తట్ట దించి మరీ నమస్కారం పెట్టేది. నేనే తల దించుకునేదాన్ని. సిగ్గేసేది, ఇప్పటికీ వేస్తుంది.

ఇప్పుడు అలాంటి పటం నా ముందుకు వస్తే పడవలకు కూడా కలిపి మార్కులు వేస్తాను. కానీ ఆ బడిలో తెలుగు తరగతులు ఎత్తేసి చాలా ఏళ్లయింది. ఆర్యపల్లి పిల్లలు ఒడియాలో చదువుకుంటున్నారు, వాళ్లకు మూసీతో పనేలేదు.