దయ్యం చేప మా చెరువుకొస్తదని చెప్పిన

తెలంగాణ వచ్చేకంటె రెండు మూడేండ్ల ముందటి ముచ్చట. అప్పుడు నేను సూర్యాపేట మార్కెట్ల చేపలమ్మేదాన్ని. మాది మునగాల దగ్గర ఊరు. మా మామ, మా ఆయన చెరువుల పట్టిన చేపలను నేను పొద్దుగాల బస్సుకు తెచ్చేది.

ఓనాడు మిర్యాలగూడ దిక్కు నుంచి వచ్చినామె గంపల వికారమైన చేపొకటి కనపడ్డది. ఒంటి నిండ గరుకు పెంకు, కత్తి దిగది.

"అద్దాల పెట్టెల పెంచేటి చేపనట. పెద్దగైనంక ఎవరో కాల్వల పడేసిన్రట. వలలు చింపుతున్నది, గుడ్లు తింటున్నది" అన్నదామె. దాన్ని అందరు దయ్యం చేప అనేది.

మరుసటేడు నేరేడుచర్లోళ్ల గంపలల్ల గూడ అదే. నాకు ఊకోబుద్ధి కాలే. కనపడ్డోళ్లనల్లా "ఇది ఏ చెరువుల పడ్డది? ఆ చెరువుకు నీళ్లెక్కడివి?" అని అడిగిన. సాగర్ కాల్వ నీళ్లొచ్చే చెరువులల్లనే పడుతున్నది. వాన నీళ్లకు నిండే చెరువులల్ల ఒక్కటి లేదు. మా చెరువుకు కాల్వ నీళ్లే దిక్కు.

మా ఊరి చేపలు పట్టేటోళ్ల సంఘం మీటింగుల లేచి చెప్పిన. "ఈసారి కాల్వ ఇడిస్తే అది మన చెరువుకొస్తది. చెరువుల కలిసే పిల్లకాల్వకు సన్నకండ్ల వల కట్టాలె."

సంఘం పెద్ద నవ్విండు. "చేపలకు జాతకం గూడ చెప్తున్నవా?"

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇంటికొచ్చినంక మా మామ పాత వలలు ముందరేసుకున్నడు. "ఏడ కట్టాల్నో సూపియ్యి బిడ్డా" అన్నడు. ముగ్గురం కూసోని అతుకులేసినం. కాల్వకు అడ్డంగ బొంగులు పాతి కట్టినం. నీళ్లిడిసినంక చెత్త పేరుకోకుంట రోజుకు రెండుసార్లు దులిపినం.

ఐదో రోజు వల బరువెక్కింది. గుంజలేక మామ కేకేసిండు. గట్టు మీదికి లాగితే అన్నీ దయ్యం చేపలే, జానెడు జానెడువి! ఊరంత ఉరికొచ్చింది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. సంఘం పెద్ద వంగి ఒకదాన్ని పట్టబోతే వేలు గీసుకపోయింది.

"నువ్వు చెప్పినట్లే అయింది చెల్లే. ఇగ ఎటు పోతయి?" అన్నడు.

"కోదాడ దిక్కు. పెద్ద కాల్వ అటే పోతది."

తెల్లారి ఆయనే నన్ను ఆటోల కోదాడ తీసుకపోయిండు. "మా చెల్లె చెప్తది, ఇనుండ్రి" అన్నడు అక్కడి సంఘమోళ్లతోని. వాళ్లు కుర్చీ ఏసిన్రు. "చెప్పండమ్మా, వల ఎక్కడ కట్టమంటారు?" అని అడిగిన్రు.

ఆ ఏడు మా చెరువుల కట్ల, రవ్వు చేపలు ఎంతగనం పడ్డయంటే, నేనొక్కదాన్నే మొయ్యలేక మా ఆయన గూడ నాతోని బస్సెక్కిండు.