మీసాల హీరో గడ్డిలో దాక్కున్నాడు

తప్పులుంటే ఏమీ అనుకోకండి, నేను ఏడో తరగతి వరకే చదివాను.

సాయంత్రం మా ఆయన ఫోనులో తుపాకుల ఆట ఆడుతుంటే మా మామ పక్కనే కూర్చుని చూశాడు. ఆటలో ఈయన బొమ్మకు పాత సినిమా హీరోలా పెద్ద మీసం, తలకు ఎర్ర గుడ్డ. కానీ గడ్డిలో బోర్లా పడుకుని ఉంది.

"అంత మీసం పెట్టుకోని దాక్కుంటాడేందిరా? లేచి ఎదురుపో! మా కాలంలో హీరోకి ఒక్క గుండైనా తగిలిందా?" అన్నాడు మామ.

ఈయన బొమ్మను లేపాడు. రెండడుగులకే చచ్చింది.

"ఇదేం ఆటప్పా, హీరోకి మర్యాదే లేదు!" అని మామ విసుక్కుంటే ఈయన నవ్వాడు.

నేనూ నవ్వాను. తర్వాత ఈయన టార్చి, కర్ర తీసుకుని తిరుమణి సోలార్ ప్లాంటు కాపలాకు బయలుదేరాడు. పోయిన వారమే అక్కడ కేబుల్ దొంగలు పడ్డారు. నవ్వు ఆగిపోయి వాకిలి దాకా వెంట వెళ్ళాను.

"దొంగలొస్తే మామ చెప్పినట్ల ఎదురు పోవద్దప్పా. గడ్డిలోనే పండుకోని ఫోన్ చెయ్."

"గడ్డి యాడుండాది? నిన్ననే అంతా కోసేసినారు" అని నవ్వుతూ బండెక్కాడు.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పాత హీరోలు సినిమాల్లో ఉంటేనే మేలు కదా, మీరేమంటారు? మామకు మాత్రం చదివి వినిపించకండి. ఈయన ఇల్లు చేరగానే ఈ స్టేటస్ తీసేస్తాను.