శతాధిపతి చేతికింద ఎంతమంది?

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు. గార్ల దగ్గరి ఒక పల్లెలో నేను ఉపదేశిగా ఉన్నాను. చదువురాని క్రైస్తవ విశ్వాసులకు కాటకిజం, అంటే మతపాఠం, చెప్పడం నా పని. ప్రశ్న నేను అడుగుతాను, జవాబు అందరూ ఒక్క గొంతుతో చెబుతారు. నోటికి వచ్చేదాకా అదే వరస.

మా తాటాకుల గుడి పక్కనే పోలీసు క్యాంపు. మా గుడికొచ్చే మరియవ్వ కొడుకు యాకోబును, అడవిలోని కమ్యూనిస్టు దళానికి అన్నం మోశాడన్న అనుమానంతో వాళ్లు పట్టుకుపోయారు. ఆ ఆదివారం ఆమె ఏడుస్తూనే వచ్చి కూర్చుంది.

పాఠం శతాధిపతి. రోమా సైన్యంలో నూరుమంది సిపాయిల మీద అధికారి.

"శతాధిపతి చేతికింద ఎంతమంది సిపాయిలు?"

"నూరుమంది!"

"గట్టిగ!"

"నూరుమంది!"

క్యాంపు జమేదారు తుపాకీతో ఊడిపడ్డాడు. "ఏంది పంతులూ, నా జవాన్ల లెక్క అడవిలోళ్లకు ఇనిపిస్తున్నవా?"

నేను చేతులు జోడించాను. "మీ లెక్క కాదు సాబ్, రోమావాళ్లది."

"గా క్యాంపు ఏడుంది?"

"సముద్రం అవతల. శానా ఏండ్ల కిందటిది."

తుపాకీ దించాడు. "నిజంగ నూరుమందా?"

"పేరుకే నూరు. ఎనబై మందే ఉండేటోళ్లని మా పాదిరిగారు చెప్పిండ్రు."

"మాదీ గంతే," అని నిట్టూర్చాడు. "గా అధికారి మంచోడేనా?"

"నౌకరుకు పానం బాగలేకుంటే ప్రభువును బతిమాలిండు సాబ్. నేను పొమ్మంటే సిపాయిలు పోతరు, నువ్వొక్క మాటంటే రోగం పోతదన్నడు."

"పొమ్మంటే పోతరా? మావోళ్లు మూడుమాట్ల జెప్తెగాని లేవరు!"

అందరూ నవ్వారు, మరియవ్వ తప్ప. ఆమె లేచి జమేదారు ముందుకు వచ్చింది. "గాయన నౌకరు కోసం బతిమాలిండు బాంచెన్. నేను కన్నకొడుకు కోసం బతిమాలుతున్న. నువ్వు గూడ ఒక్క మాటను."

ఆయన తడబడ్డాడు. "వాడు దళపోడు కాదని ఎవరు జామీను?"

ప్రశ్న వినబడితే చాలు, మావాళ్లకు నోరు ఆగదు. "మేమంత!" అని గుడి అదిరేలా అరిచారు. జమేదారు రెండడుగులు వెనక్కి వేశాడు.

సాయంత్రానికి యాకోబు ఇంటికొచ్చాడు.

ఈ పాఠంలో ఇప్పుడు నేను లెక్క అడగను. శతాధిపతి అంటే ఎవరని అడుగుతాను. తన కింద ఉన్నవాని కోసం బతిమాలినవాడని చెప్పిస్తాను. మెల్లగా చెప్పిస్తాను.