ఎండుమిరపకాయల అంచున ఆట

నా చిన్నప్పుడు సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో బాల్ బ్యాడ్మింటన్ పిచ్చి అందరికీ ఉండేది, నాకైతే మరీను. మిరపకాయలు ఆరబోసే కళ్ళంలో ఓ మూల వల కట్టుకుని, పసుప్పచ్చ ఉన్ని బంతితో పొద్దుగూకేదాకా ఆడేవాళ్ళం. కాళ్ళకు చెప్పులే లేవు, ఇక బూట్లెక్కడివి?

నాకొక పాడు అలవాటు ఉండేది. బంతి తల మీదుగా పోతుంటే దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి అడుగులేసేదాన్ని. అలా ఒకే ఏడు రెండుసార్లు చీలమండ బెణికింది. అమ్మ చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేసింది, వేస్తూనే తిట్టింది. ఇంకోసారి కాలు బెణికితే ఆట మాన్పించేస్తానని నాన్న తేల్చి చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి. నాకు అన్నం సయించలేదు.

అప్పుడు మా బాబాయి అడ్డుపడ్డాడు. ఒకప్పుడు ఊరి జట్టుకు ఆయనే ప్రాణమట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మాత్రం ఎడమకాలు ఈడుస్తూనే నడిచేవాడు. ఎందుకని అడిగితే మాట దాటేసేవాడు. కొన్నాళ్ళు నన్ను తనకు వదిలెయ్యమని నాన్నను బతిమాలి, మర్నాడు వల జరిపాడు. నేనాడే వైపు వెనక గీత సరిగ్గా తన ఎండుమిరపకాయల అంచుకు వచ్చేలా గీశాడు. కాయ చితికితే ఊరుకోనన్నాడు. చెబితే వినని వాళ్ళని చెడంగా చూడాలని మా నాయనమ్మ కళ్ళం పక్కనే ఉన్న మా ఇంటి అరుగు మీంచి వంత పాడింది.

ఇంకేముంది, మొదటి ఎత్తు బంతికే వెనక్కి నడిచి వెల్లకిలా కాయల్లో పడ్డాను. చెమట పట్టిన మెడ, చేతులు భగభగ మండాయి. బాబాయి మీద అంతకంటే ఎక్కువ మండింది. కాయలూ పోయాయి, ఆటా పోయిందని ఏడుపు లంకించుకున్నాను. ఆయన మజ్జిగ తెచ్చి మెడకు రాస్తూ మెల్లగా అన్నాడు.

"కాయలు పోతే మళ్ళీ కాస్తాయమ్మాయ్. నేనూ నీలాగే వెనక్కి నడిచి పడ్డాను, నా కాలు మళ్ళీ రాలేదు. ముందు ఒళ్ళు తిప్పు. ఎటు పోతున్నావో చూసుకుని పరుగెత్తు. అందకపోతే వదిలెయ్, బంతే కదా."

ఆ వేసవంతా అలాగే ఆడించాడు. బంతి ముట్టుకోనిచ్చే ముందు కళ్ళం చుట్టూ నడిపించేవాడు, మునివేళ్ళ మీద లేచి మడమలు దించమనేవాడు. నేనెన్ని కాయలు తొక్కి పాడుచేశానో నాన్న దాకా పొక్కనివ్వలేదు. నా కాలు మళ్ళీ బెణకలేదు, నాన్న మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు మంగళగిరిలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళతో పొద్దున్నే చెక్క బ్యాట్లతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే పికిల్‌బాల్ ఆడుతున్నాను. పక్కలకు జారని మంచి బూట్లున్నాయి. నాకంటే ఎంతో చిన్నవాళ్ళు ఎత్తు బంతి కోసం వెనక్కి నడిచి పడి, కాళ్ళకు కట్లతో కూర్చుంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పిలిచి, ఎలా తిరగాలో చూపిస్తాను. కొందరు వింటారు, కొందరు ముసలమ్మ చాదస్తం అనుకుంటారు. అందని బంతిని వదిలేస్తే నా జోడీకి కోపమొస్తుంది. రానీ. పాతికేళ్ళకే ఆట పోగొట్టుకున్న మా బాబాయి, మనవల్ని ఎత్తిన ఈ వయసులో కూడా నాకు ఆట మిగిల్చి వెళ్ళాడు.